గోత్రం తెలియని పితరులు

1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు జిల్లాయే లేదు. చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె కడప కింద ఉండేవి. పాత తాతలను వెతికేవారికి తొలి చిక్కు ఇదే.

1871, 1881 జనాభా లెక్కల్లో అంకెలున్నాయి గానీ మనుషుల్లేరు. కులాలవారీ కూడికలు అచ్చయ్యాయి, ఇంటింటి పేర్లు రాసుకున్న కాగితాలు మిగల్లేదు. దహనం చేసే ఇళ్లలో సమాధి రాయీ ఉండదు.

విచిత్రం, ఊరు విడిచినవారి ఆచూకీయే బాగా దొరుకుతుంది! 1860-1911 మధ్య దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1,52,184 మంది ఒప్పంద కూలీలు వెళ్లారు. మూడింట రెండు వంతుల మంది ఓడెక్కింది మద్రాసులోనే. ఓడ జాబితాలో ఒక్కో వరుసలో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చే ఆ వివరాలే మునిమనవళ్లకు వంశవృక్షం.

గోత్రం మాత్రం అందులో లేదు. డర్బన్ నుంచి తిరుపతి వచ్చినవారిని అర్చకుడు గోత్రం అడిగితే ఏం చెప్పాలి? తెలియనివారు కాశ్యపం చెప్పుకోవడం వాడుక. అర్చన జరిగిపోతుంది, సరే. పేరైనా తెలియని ముత్తాతకు పితృరుణం తీరేదెలా? తర్పణానికి తండ్రి, తాత, ముత్తాతల పేర్లు కావాలి. అయితే ఈ విషయంలో శాస్త్రం రికార్డుల గుమాస్తా కంటే ఉదారం. చివర్లో దర్భముడి విప్పి, తల్లిదండ్రులూ బంధువులూ గోత్రమూ లేనివారందరికీ నువ్వుల నీళ్లు వదలమంది.

ఆ నీళ్లకు చిరునామా అక్కర్లేదు. తాతల ఊరు కళ్లారా చూడాలనుకుంటే మాత్రం జాబితాలోని తాలూకా పేరు కావలసిందే, అదీ గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకున్న స్పెల్లింగులో.