ఎర్రమలలో నీళ్ల జాడ పట్టుకుని నడువు

నాయనా,

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఫాల్గుణం వెళ్లేలోగా నీ స్నేహితులతో వచ్చి బేతంచెర్ల కొండల్లో నడుస్తావంట, మీ నాయన చెప్పినాడు. చాలా సంతోషం. మన పిల్లలు కొండలు చూడాలంటే కూర్గుకో ఊటీకో పోతారు. ఎర్రమలను మాత్రం గుంతకల్లు, నంద్యాల రైలు కిటికీలోంచి చూసి, ఎండిన రాళ్లు తప్ప ఏముంది అంటారు. ఆ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. నువ్వు నడుస్తానన్నావు కాబట్టి, నాకు తెలిసింది నీకు చెప్పాలి.

ఈ కొండల్లో నీళ్ల జాడ పట్టుకుని నడువు. శిఖరం ఎక్కినామా, ఎన్ని కిలోమీటర్లు తిరిగినామా అన్నది ఇక్కడ లెక్క కాదు. ఎర్రమల పైభాగం బల్లపరుపు, గట్టిరాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని పాణ్యం క్వార్ట్‌జైట్ అంటారు. దాని కింద పొరలు పొరలుగా ఊడే ఔకు షేల్ ఉంటుంది, ఆ అడుగున నార్జి సున్నపురాయి. మన ఊరి ఫ్యాక్టరీల్లో పాలిష్ పట్టి ఊరూరికీ పంపే నాపరాయి ఆ సున్నపురాయే. వానాకాలంలో పైన పడిన నీళ్లు గట్టిరాయి పగుళ్లలో దిగి, షేల్ అడ్డం తగిలిన చోట పక్కకు తిరిగి కోన మొదట్లో ఊటగా బయటపడతాయి. సున్నపురాయిలోకి దిగిన నీళ్లు మెల్లమెల్లగా ఆ రాతినే కరిగించి గవులు తొలుస్తాయి. మన దిక్కు గవులు, గుళ్లు, గొర్రెల బాటలు అన్నీ ఆ నీళ్లను నమ్ముకునే పుట్టినవి.

ఫాల్గుణంలో ఈ సంగతి కంటికి బాగా తెలుస్తుంది. పైన బోదగడ్డి ఎండిపోయి ఉంటుంది, మోదుగ ఆకు రాల్చి ఒళ్లంతా ఎర్రగా పూసి ఉంటుంది. ఆ ఎండు నడుమ ఒక గీత మాదిరిగా పచ్చదనం కిందికి దిగుతుంటే, అక్కడ ఆగి చూడు. మేడి, కానుగ లేత ఆకుతో కళకళలాడుతుంటాయి. వాటి కింద వంకలో దొనో, తడి ఇసుకో ఉంటుంది. ఫోన్లో పటం చూసుకునే ముందు ఆ పచ్చని గీత చూసుకో. దారి అర్థం కాకపోతే జీవాలు మేపుకునేవాళ్లను అడుగు. అన్నా అనో పెద్దాయనా అనో పిలిచి, కాసేపు కూర్చుని, వాళ్ల మంచిచెడ్డలు విని అప్పుడు అడుగు. ఏ దొన ఉగాది దాకా నిలుస్తుందో, ఏది ముందే ఇంకిపోతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ దొనలో కాళ్లు కడగొద్దు, సబ్బు వాడొద్దు. ఎండలు ముదిరేదాకా కోతులూ నెమళ్లూ గొర్రెలూ అదే నీళ్లు తాగి బతకాల. నీ నీళ్లు నువ్వు మోసుకుపో, మనిషికి నాలుగు లీటర్లకు తక్కువ వద్దు. వదిలేసిన క్వారీ గుంతల్లో నీళ్లు ఆకుపచ్చగా, చల్లగా కనిపిస్తాయి. వాటిలో మాత్రం దిగొద్దు. అంచులు నిట్టనిలువు, లోతు తెలియదు, జారితే పట్టుకునేదానికి ఏమీ ఉండదు. ఈ మాట నీ స్నేహితులకు ఒకటికి రెండుసార్లు చెప్పు.

తెల్లవారుజామునే బయల్దేరండి. పది గంటలకల్లా చెట్టు నీడకు చేరి, పొద్దు వాలేదాకా కదలొద్దు. జొన్నరొట్టె, శెనక్కాయల ఊరిబిండి, చల్ల కట్టించుకో. బిస్కెట్లతో ఎండలో నడవలేవు.

కనుమకింద కొట్టాల దగ్గర బిలస్వర్గం గవులకు తప్పకుండా పోవాల. బెలుం గవుల్లో మాదిరి లోపల మెట్లూ దీపాలూ చూసుకుంటూ పోయే చోటు కాదది. పైకప్పు కూలి ఆకాశం కనిపించే ఇరుకు లోయలు, వాటి గోడల్లో గవులు, ఒకచోట రాతి వంపు. 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఇక్కడ దొరికిన పాతకాలపు జంతువుల ఎముకల గురించి రాసినాడు. నలభై ఏళ్ల తర్వాత, హక్స్‌లీ అనే పెద్ద శాస్త్రవేత్త సూచన మీద, రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1884, 85లలో ఇక్కడ తవ్వినారు. పల్లావరంలో 1863లో రాతి గొడ్డలి కనుక్కున్న ఫుట్ ఆయనే. ఖడ్గమృగం ఎముకలు కూడా ఇక్కడ దొరికినాయి. మన ఎండు కొండల్లో ఖడ్గమృగం నాయనా! 2014లో వచ్చిన ఒక పరిశోధన, బిలస్వర్గం ఎముకలనే ఆధారం చేసుకుని, ఇక్కడి జంతుజాతులు దాదాపు అన్నీ రెండు లక్షల ఏళ్లుగా ఈ ఉపఖండంలో నిలిచి ఉన్నాయని చెప్పింది. వానలు తగ్గినా పెరిగినా, మనిషి వచ్చినా అవి బతికినాయి. అలా బతికినవాటిని మన కాలంలో పోగొట్టుకుంటే అంతకన్నా పాపం లేదని నాకనిపిస్తుంది.

అందుకే ఆ గవుల్లో మట్టిని కెలకొద్దు. ఎముక ముక్క కనిపించినా జేబులో వేసుకోవద్దు. ఏ పొరలో ఉందో తెలిస్తేనే దానికి విలువ, అక్కడి నుంచి తీస్తే వట్టి ముక్క. గుప్తనిధుల పిచ్చితో తవ్వేవాళ్లు కనిపిస్తే వాళ్లతో గొడవ పడకుండా వెనక్కొచ్చి ఊళ్లో చెప్పు. గోడల మీద పేర్లు రాయడం నీ జట్టులో ఎవరికీ వద్దు.

తలెత్తి కూడా చూసుకో. రాతి చరియలకు పెద్ద తేనెపెరలు వేలాడుతుంటాయి. అత్తరు పూసుకోవద్దు, కేకలు వేయొద్దు, పొగ అసలే వద్దు. ఒకవేళ అవి లేస్తే చేతులు విసరకుండా మొహం కప్పుకుని దూరంగా పరిగెత్తండి. పాములకు కూడా ఎండ కాగే కాలమిది. రాతి సందులో చూడకుండా చెయ్యి పెట్టొద్దు. బోదగడ్డి అగ్గిపుల్లకే అంటుకుంటుంది కాబట్టి టీ కాచుకునే ముచ్చట కొండ మీద మానుకోండి.

సాయంత్రానికి మద్దిలేటి నరసింహస్వామి కోనకు చేరండి. శనివారం జనం ఎక్కువ, ఇంకేదైనా రోజు చూసుకో. మరుసటి రోజుకు కాళ్లలో సత్తువ మిగిలితే బస్సులో బనగానపల్లె మీదుగా యాగంటికి పో. కొండలో నుంచి కోనేటిలోకి నీళ్లు దిగడం చూస్తే, పైన నేను చెప్పిన రాతి సంగతంతా నీకే తెలిసిపోతుంది.

కోనల్లో సిగ్నల్ ఉండదు. ఏ దారిన పోతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో కొట్టాలలో ఎవరికైనా చెప్పి పోండి, వచ్చినాక వచ్చినామని చెప్పండి. టోపీ సరిపోదు, తలకు పెద్ద తువ్వాలు తెచ్చుకో. లేకుంటే మా ఇంట్లో ఉన్నాయి, ముందుగా ఫోన్ చెయ్యి.