ముక్కుకు తెరిపి

ఫ్లూలో జ్వరం మనిషిని పడగొడుతుంది, ఒళ్లునొప్పులు లేవనివ్వవు. నిద్రను దోచుకునేది మాత్రం ముక్కుదిబ్బడే. జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగినా ఇది వారం దాకా వదలదు. పగలు ఎలాగోలా నెట్టుకొస్తాం. రాత్రి ఒళ్లు వాల్చగానే రెండు రంధ్రాలూ మూసుకుపోతాయి. నోటితో పీల్చి పీల్చి నాలుక ఎండి అంగిట్లో అతుక్కుంటుంది, గుటక వేయబోతే చెవులు దిబ్బళ్లు పడతాయి. ఇంత బాధపెట్టినా ఇది సెలవు పెట్టేంత జబ్బు కాదు, పరామర్శకు ఎవరైనా వచ్చేంత జబ్బూ కాదు. పడిశం పది రోగాల పెట్టు అన్న పెద్దలు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. నేనూ తీసుకోను. ఊపిరి సాఫీగా ఆడని మనిషికి ఆ రాత్రి లోకంలో మరేదీ బాగుండదు.

అలాంటి రాత్రులను ముంబై చాళ్లు బాగా ఎరుగుతాయి. దాదర్ తూర్పున నాయగావ్‌లో బీడీడీ చాళ్లున్నాయి. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయగావ్, లోయర్ పరేల్, శివ్‌డీల్లో కట్టించిన 207 భవనాల్లో 42 ఇక్కడివే. అంతస్తుకు ఇరవై గదులు, గదికి 160 చదరపు అడుగులు, నడుమ పొడుగాటి నడవ, అందరికీ కలిపి చివర్న మరుగుదొడ్లు. నూలు మిల్లుల్లో పనికి, కట్టడాల కూలికి తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు మరాఠీ కుటుంబాల పక్కనే ఇలాంటి గదుల్లో మూడు తరాలు గడిపాయి. వీళ్లకంటే చాలా ముందు నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లెత్తిన కామాఠీలు తమ పేరే కామాఠీపురాకు ఇచ్చారు. కామాఠీపురా చాళ్లలోనైనా ఈ చాళ్లలోనైనా రాత్రి ఒకటే తీరు. పిల్లలు, పెద్దలు, ఊరి నుంచి వచ్చిన చుట్టం, అందరూ ఒకే గదిలో వరసగా పక్కలేసుకుంటారు. ఎవరి ముక్కు బిగుసుకుందో చీకట్లోనే తెలిసిపోతుంది. నోటితో ఊపిరి తీసే చప్పుడు గదికంతటికీ వినపడుతుంది.

అప్పుడు ఒక ముసలామె లేస్తుంది. లైటు వేయదు, మిగతావాళ్ల నిద్ర పాడవుతుందని. స్టవ్ వెలుగులోనే పెనం పెట్టి గుప్పెడు వాము పోస్తుంది. నూనె చుక్క వేయదు. వాము చిటపటలాడి, ఘాటు గదంతా కమ్ముకునేసరికి దించేసి, పాత ధోవతి చింపిన గుడ్డలో పోసి, మూట కట్టి, ముందు తన మణికట్టు మీద ఆనించి చూసుకుంటుంది. వేడి ఓర్చుకునేంతకు వచ్చాక ముక్కు పక్కన, కనుబొమల మధ్య, రొమ్ము మీద ఒక్కో చోట కాసేపు ఉంచుతుంది. చల్లారితే మళ్లీ పెనం మీదికి. పొద్దున ముక్కు దగ్గర పీల్చుకోవడానికి అదే మూటను కొంగున ముడేసుకుంటుంది. చిరాకు పడే మనిషితో, “జర ఓపిక వట్టు బిడ్డా, తెల్లారేటాళ్లకు ఒక ముక్కన్నా ఇడుస్తది” అంటుంది. చాళ్లలో పెరిగినవాళ్లందరం ఈ మాట విన్నవాళ్లమే. రెండు ముక్కులూ వదులుతాయని ఆమె మాటివ్వలేదు. ఒక్కటి చాలంది. ఆ మాటలో ఉన్న వైద్యాన్ని నేను చాలా ఏళ్లకు గానీ గుర్తించలేదు.

ముక్కులో చీమిడి గడ్డకట్టి దారి మూసుకుపోయిందనుకుని గట్టిగా చీదుతుంటాం. ఎంత చీదినా ఏమీ రాదు. అసలు సంగతి వేరు. ముక్కు లోపలి గోడల మీద రక్తనాళాలు కిక్కిరిసిన మెత్తటి మడతలుంటాయి. పీల్చిన గాలిని వెచ్చబరచి, తడిపి, దుమ్ము వడగట్టి ఊపిరితిత్తులకు పంపడం వాటి పని. వైరస్‌తో పోరాటం మొదలవగానే ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ నాళాలను వెడల్పు చేస్తుంది, రక్తం నిండి మడతలు ఉబ్బుతాయి. వానాకాలంలో చాళ్లలో తలుపు చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుంటుంది చూడండి, అలాంటిదే ఇది. పడుకుంటే తలకు రక్తం ఇంకా చేరుతుంది కాబట్టి రాత్రి మరీ బిగుస్తుంది. పక్కకు తిరిగితే కిందివైపు ముక్కు మూసుకుని పైవైపుది కాస్త తెరుచుకోవడం అందరికీ అనుభవమే. తల కింద ఇంకో దిండు పెట్టమనడం వెనక ఇంత శరీరధర్మం ఉంది.

ఇంకో విశేషం. జబ్బు లేనప్పుడు కూడా మన రెండు ముక్కులూ సమంగా తెరుచుకుని ఉండవు. కొన్ని గంటలు ఒకటి ఎక్కువ పనిచేస్తే మరొకటి కాస్త ఉబ్బి సేదతీరుతుంది, తర్వాత వంతు మారుతుంది. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వైద్యశాస్త్రంలో నమోదు చేశాడు. సూర్యనాడి, చంద్రనాడి అంటూ ఊపిరి ఏ వైపు ఆడుతోందో గమనించిన మన యోగులకు ఇది అంతకుముందే తెలుసు. ఆరోగ్యంగా ఉన్న రోజున ఈ వంతుల సంగతి మనకు పట్టదు. ఫ్లూ వచ్చినప్పుడు విశ్రాంతిలో ఉన్న వైపు పూర్తిగా మూసుకుపోతుంది, అప్పుడు తెలుస్తుంది. రెండూ ఎప్పుడూ బార్లా తెరుచుకుని ఉండాలని కోరడం, ఒళ్లు తనంతట తాను ఎన్నడూ చేయని పనిని దాన్నుంచి కోరడమే. ఒక ముక్కన్నా ఇడుస్తది అన్న మాట ఎంత కొలిచిన మాటో చూడండి.

ముంబై తెలుగువారం ముక్కు గురించి మాట్లాడుతూ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని తలచుకోకుండా ఉండలేం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన ఆయన 1893లో ఈ నగరంలోనే అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆంధ్రపత్రికను వారపత్రికగా 1908లో ఇక్కడే ప్రారంభించి 1914లో మద్రాసుకు తరలించారు. అమృతాంజనం సొమ్ముతో పత్రిక నడిచింది, పుస్తకాలు అచ్చయ్యాయి. తలనొప్పి మందుగా పుట్టిన ఆ పసుపుపచ్చ లేపనం జలుబు చేసిన ప్రతి ఇంట్లో ముక్కు దగ్గరికీ చేరింది. గోటితో కాస్త గీరి తీసి ముక్కు పక్కన రాస్తే కళ్లు చెమ్మగిల్లుతాయి, లోపలికి చల్లటి గాలి దూసుకెళ్లినట్టుంటుంది.

నిజానికి గాలి అంతకుముందు ఎంత వెళ్తోందో అప్పుడూ అంతే వెళ్తుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో రాన్ ఎక్లెస్ బృందం కొలిచి చూసిన సంగతి ఇది. ఇలాంటి లేపనాల్లో ఉండే పిప్పరమెంటు పువ్వు (మెంథాల్) పీల్చినవాళ్లు ముక్కు తెరుచుకుందన్నారు, పరికరంలో మాత్రం గాలి దారి ఏమీ వెడల్పు కాలేదు. చలిని గుర్తుపట్టే నరాల చివర్లను ఆ పువ్వు తట్టి లేపుతుంది, చల్లటి గాలి తగిలినట్టు మెదడుకు కబురు వెళ్తుంది. ఆ చలి గ్రాహకాన్ని 2002లో గుర్తించారు. వేడిని, స్పర్శను ఒళ్లు ఎలా పసిగడుతుందో కనిపెట్టిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరిశోధనలో ఈ చలి గ్రాహకమూ భాగమే. వేడి పానీయం సంగతీ ఇంచుమించు ఇదే. 2008లో అదే విశ్వవిద్యాలయంలో జలుబు చేసినవాళ్లకు వేడి పండ్లరసం ఇచ్చి చూస్తే గొంతునొప్పి, వణుకు, నీరసం వెంటనే తగ్గాయన్నారు. ముక్కులో గాలి ప్రవాహం మాత్రం మారలేదు.

ఇది చదివి, అయితే అమృతాంజనమూ మిరియాల చారూ వట్టి భ్రమేనా అని అడిగేవాళ్లుంటారు. నేను గట్టిగా కాదంటాను. ఊపిరాడటం లేదన్న కంగారు కూడా జబ్బులో భాగమే. ఆ కంగారు తగ్గి మనిషి నాలుగు గంటలు నిద్రపోతే, ఆ నిద్రలో ఒళ్లు తన పని తాను చేసుకుంటుంది. జబ్బును తగ్గించేదే వైద్యమని, బాధను తగ్గించేది వట్టి ఓదార్పని విడదీసి, రెండోదాన్ని చిన్నచూపు చూడటం మనకు అలవాటైంది. ఫ్లూ లాంటి జబ్బుల్లో చాలామందికి కోలుకోవడం ఒంటి చేతుల్లో ఉంటుంది, తోటి మనుషులు ఇవ్వగలిగింది ఉపశమనమే. అది చిన్న దానం కాదు.

అయితే ఉపశమనాన్ని వెంటాడితే అది ఎదురు తిరుగుతుంది. మందుల షాపులో దొరికే ముక్కు చుక్కలు ఉబ్బిన నాళాలను నిమిషాల్లో కుదించేస్తాయి. దారి నిజంగానే తెరుచుకుంటుంది. ఆ హాయి మరిగి వారం, రెండు వారాలు వేసుకుంటూ పోతే, మందు దిగగానే నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. నెలల తరబడి దిండు కింద ఆ సీసా లేనిదే నిద్రపట్టనివాళ్లు ఉన్నారు. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు, ఆపైన వద్దు. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ మింగితే ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. మన దగ్గర ఎన్నో జలుబు మాత్రల్లో అది ఇప్పటికీ ఉంది.

పనిచేసేవి పేదింట్లోనూ ఉన్నాయి. అర లీటరు నీళ్లు మరగకాచి చల్లార్చి, చిన్న చెంచాడు ఉప్పు కలిపి, ముక్కులో చుక్కలుగా వేసుకుంటే పిడచకట్టింది కరిగి బయటికొస్తుంది. కుళాయి నీళ్లు కాచకుండా మాత్రం వాడకూడదు. ఎడిన్‌బరో పరిశోధకులు ఆరేళ్ల లోపు పిల్లలకు ఇంకాస్త చిక్కటి ఉప్పునీటి చుక్కలు వేయించి చూసి, జలుబు ఎనిమిది రోజులకు బదులు ఆరు రోజుల్లో తగ్గిందని 2024లో చెప్పారు. వేడిగా తాగడానికైతే, దాదర్ కూరగాయల బజారులో అమ్మేవాళ్లు పుదీనా, అల్లం పక్కన గవతీ చహా కట్టలు పెట్టుకుని కూర్చుంటారు. నిమ్మగడ్డినే ఇక్కడ అలా అంటారు. మన తెలుగిళ్లలో శొంఠి కషాయం ఎంత పాతదో, ముంబై తెలుగిళ్లలో ఈ గడ్డి వేసిన టీ అంత సొంతమైంది. ఆవిరి మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. హాయి నిజమే, కానీ జలుబును తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారాల్లేవు. ఇరుకు గదిలో మరుగునీళ్ల గిన్నె తన్నుకుని పిల్లల ఒళ్లు కాలడం మాత్రం పచ్చి నిజం.

ఉపశమనం తప్ప ఇంకేమీ లేని కాలాన్ని ఈ నగరం చూసింది. 1918 జూన్ 10న రేవు దగ్గర కాపలా కాసే ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరంతో ఆస్పత్రిలో చేరారు. అది ఫ్లూ. సెప్టెంబరులో ఆ జబ్బు భీకరంగా తిరిగొచ్చింది. అక్టోబరు 6న ఒక్కరోజే బొంబాయిలో 768 మంది చనిపోయారు. మనిషికొచ్చే ఫ్లూ వైరస్‌ను గుర్తించిందే 1933లో, కాబట్టి అప్పటి డాక్టర్ల చేతిలో దాన్ని చంపే మందు లేదు. యూరోపియన్లలో వెయ్యికి ఎనిమిది మంది పోతే, అట్టడుగు కులాల హిందువుల్లో వెయ్యికి అరవై మందికి పైగా పోయారు. వైరస్‌కు కులం తెలియదు. గాలి చొరని గదులు, ఆ ఏడు వానలు లేక పెరిగిన తిండి ధరలు, ఇల్లంతా ఒకేసారి మంచం పడితే గుక్కెడు గంజి కాచి ఇచ్చే మనిషి కరువవడం, ఇవే ఆ తేడా తెచ్చాయి. కులసంఘాలు, సేవాసంఘాలు పాలూ మందులూ మోసుకుని చాళ్ల మెట్లెక్కాయి. వాళ్లు మోసుకెళ్లినదాంట్లో రోగాన్ని నయం చేసేది ఏదీ లేదు. అయినా ఆ మెట్లెక్కడం వృథా పోలేదని నా నమ్మకం. దాహానికి నీళ్లందిన రోగికీ అందని రోగికీ మధ్య తేడా చాలాసార్లు ప్రాణమంత.

బీడీడీ చాళ్లు ఇప్పుడు కూలుతున్నాయి. 160 చదరపు అడుగుల గది స్థానంలో 500 చదరపు అడుగుల ఫ్లాట్లు వస్తున్నాయి, వర్లీలో కొందరికి తాళాలు ఇచ్చేశారు. ఇది మంచి మార్పు, మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. ఒకే గదిలో పదిమంది పడుకోవడంలో ఫ్లూకు తప్ప ఎవరికీ లాభం లేదు. జబ్బుమనిషిని వేరే గదిలో పడుకోబెట్టడం, కిటికీ తెరిచి ఉంచడం ఇప్పటికైనా వీలవుతుంది. అయితే తలుపు మూసుకున్న ఫ్లాటులో పక్కింటాయన నోటితో ఊపిరి తీస్తున్న చప్పుడు ఇక వినపడదు. కాబట్టి తలుపు తట్టి అడగాల్సిందే.

వానలతో పాటే ముంబైలో ఫ్లూ పెరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు, గర్భిణులు, ఆస్తమా, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఉంటే వానలకు ముందే టీకా గురించి డాక్టర్ని అడగండి. పసిపిల్లల ముక్కుకు లేపనం రాయకండి, కర్పూరం పెట్టకండి, మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టకండి. ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి పుట్టినా, దిగిన జ్వరం తిరగబెట్టినా వాము మూట పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్లండి. మీ అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లెవరికైనా జలుబు చేసిందని తెలిస్తే, మాస్కు కట్టుకుని ఒక గ్లాసు మిరియాల చారు ఇచ్చి రండి.