కపిలధార దర్శనం: ఫలం ఉమ్మడిదా, ఎవరిది వారిదా?

నర్మదను చూస్తే చాలు, మునగకపోయినా పుణ్యమే అన్నది తీర్థయాత్రలు చేసేవాళ్లందరూ ఎరిగిన మాట. మత్స్య పురాణంలోని నర్మదా మాహాత్మ్యం ఈ సంగతిని నదుల వరసలో పెట్టి చెబుతుంది. మనిషిని శుద్ధి చేయడానికి సరస్వతికి మూడు రోజులు, యమునకు ఏడు రోజులు పడుతుంది. గంగ వెంటనే చేస్తుంది. నర్మద విషయంలో దర్శనమే సరిపోతుంది. ఈ మాటను అక్షరాలా నమ్మితే ఒక చిక్కు వచ్చిపడుతుంది. సెలవు దొరికిందని భార్యాభర్తలు సరదాగా జలపాతం చూడబోతే, అది విహారమా, యాత్రా? చూసినందుకు పుణ్యం వస్తే అది ఇద్దరికీ కలిపి వస్తుందా, ఎవరిది వారికేనా? నర్మద పుట్టిన చోటికి దగ్గర్లోనే, ఆ నది మొదటిసారి పెద్ద ఎత్తు నుంచి దూకే కపిలధార దగ్గర ఈ ప్రశ్నలన్నీ ఒక్కచోటికి చేరతాయి.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు కుటుంబాలకు ఈ జలపాతం బాగా అందుబాటులో ఉన్న చోటు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే అటు నాగపూర్ నుంచి అసన్‌సోల్‌కూ ఇటు వాల్తేరుకూ పట్టాలు వేసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఆ కంపెనీ పనుల్లో చేరినవాళ్లు ఖరగ్‌పూర్‌లో స్థిరపడినట్టే బిలాస్‌పూర్‌లోనూ స్థిరపడ్డారు. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఇక్కడ కట్ని వైపు వెళ్లే రైలెక్కితే భన్వర్‌టంక్ ఘాట్ దాటాక, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో పెండ్రా రోడ్ స్టేషన్ వస్తుంది. 2020 దాకా అది బిలాస్‌పూర్ జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు గౌరెల్లా-పెండ్రా-మర్వాహీ జిల్లా. అక్కడ దిగి, సాల వృక్షాల అడవిలోంచి కొండెక్కి, రాష్ట్ర సరిహద్దు దాటితే మధ్యప్రదేశ్ అనూప్‌పూర్ జిల్లాలోని అమరకంటక్.

మైకల్ కొండల మీద, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉందీ ఊరు. నర్మద ఇక్కడ ఒక కుండంలో పుడుతుంది. చుట్టూ తెల్లటి గుళ్లు. ఆ ఆవరణలో ఒక చిన్న రాతి ఏనుగు ఉంది. దాని కాళ్ల సందులోంచి పాక్కుంటూ అవతలికి రాగలిగినవాళ్లు పాపం లేనివాళ్లని నమ్మకం. భుజాలు ముందు పెట్టాలో చేతులు ముందు చాపాలో పక్కనున్నవాళ్లు చెబుతూ ఉంటారు. భర్త సగంలో చిక్కుకుంటే భార్య చేయి పట్టి లాగుతుంది. కుండం దగ్గర నది చిన్న వాగు. ఆరేడు కిలోమీటర్లు పడమరగా పారి, నల్లరాతి అంచు మీంచి సుమారు వంద అడుగుల లోతుకు పడుతుంది. అదే కపిలధార. వానాకాలంలో చప్పుడుకు పక్కనున్నవాళ్ల మాట వినపడదు. వేసవిలో ధార చీర వెడల్పున కూడా ఉండదు. ఇంకొంత దిగితే దూధధార, నురగ తెలుపును బట్టి వచ్చిన పేరు.

యాత్ర ఏర్పాటు చేసేవాళ్లు రోజును రెండుగా విడదీస్తారు. పొద్దున కుండం దగ్గర పూజ, అది పుణ్యం ఖాతా. మధ్యాహ్నం కపిలధార, అది చూడదగిన ప్రదేశాల ఖాతా. శాస్త్రం మాత్రం ఈ విభజనను ఒప్పుకోదు. పొద్దున చూసిందీ మధ్యాహ్నం చూసిందీ ఒకే నది. దర్శనమే చాలన్నప్పుడు కపిలధార దగ్గర చూపు కుండం దగ్గర చూపు కంటే తక్కువ కాదు. తేడా ఉంటే వెళ్లినవాడి ఉద్దేశంలో ఉండాలి. దాన్నీ ధర్మశాస్త్రాలు లెక్క కట్టి ఉంచాయి. ఇంకొకరి తరఫున వెళ్లినవాడికి పదహారో వంతు ఫలం, వేరే పని మీద వెళ్తూ దారిలో తీర్థం తగిలినవాడికి సగం ఫలం అని తీర్థాల గురించిన స్మృతివాక్యం ఒకటి చెబుతుంది. భారతంలోని వనపర్వం ఇంత ఉదారంగా లేదు. చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం అంటుంది. ఈ రెంటిలో మొదటిదే మనిషిని బాగా ఎరిగిన మాట. సరదాకు వెళ్లినవాణ్ణి అది గుమ్మం బయట నిలబెట్టలేదు, భక్తితో వెళ్లినవాడితో సమానమనీ అనలేదు.

ఇక ఆ ఫలం ఎవరిదన్న ప్రశ్న. తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబుడు ధర్మసూత్రాల్లో దీన్ని తేల్చేశాడు. భార్యాభర్తల మధ్య పంపకం లేదు, చేయి పట్టుకున్న నాటి నుంచి కర్మల్లోనూ పుణ్యఫలాల్లోనూ ఇద్దరిదీ ఉమ్మడే. జైమిని మీమాంసా సూత్రాల ఆరో అధ్యాయం కూడా యజ్ఞంలో దంపతులకు కలిపే అధికారం ఇస్తుంది. పద్మ పురాణం భూమి ఖండంలో సుకల కథ ఇంకా ముందుకు వెళ్తుంది. కాశీలో కృకలుడనే వైశ్యుడు, భార్య సుకల సుకుమారమైనది, దారి కష్టాలు ఓర్చుకోలేదని తలచి, ఆమెను ఇంట్లో వదిలి తీర్థయాత్రకు పోతాడు. తనను విడిచి వెళ్లాడని సుకల చెలికత్తెల దగ్గర కుమిలిపోతుంది. అతను తిరిగి వచ్చే దారిలో ధర్ముడు ఎదురై, భార్య లేకుండా చేసిన యాత్ర అంతా వృథా అయిందని, పితరులకు దాని ఫలం చేరలేదని చెబుతాడు. భార్య సౌఖ్యం కోసమే ఆమెను వదిలానన్న అతని దయ ఆ తీర్పు ముందు నిలవలేదు. నర్మదకు పుష్కరాలు వచ్చినప్పుడు, చివరిసారి 2024 మే నెలలో, తెలుగు దంపతులు కొంగుముడి వేసుకుని ఒక్కసారే మునగడం ఈ ధర్మం మీద నిలిచిన ఆచారమే.

కానీ వీళ్లు చూడవచ్చిన దేవత పెళ్లి కాదన్న దేవత. మైకల్ రాజు కూతురు నర్మదకూ శోణభద్రుడికీ పెళ్లి కుదిరిందనీ, ఆమె తన నగలు పెట్టి పంపిన చెలికత్తె జోహిలాను చూసి అతను ఆమెనే వరించాడనీ, ఆ అవమానంతో నర్మద పడమటికి తిరిగి కన్యగా ఉండిపోయిందనీ ఆ ప్రాంతపు కథ. శోణ నది గంగలో కలుస్తుంది, జోహిలా శోణలో కలుస్తుంది, నర్మద ఒక్కతే అరేబియా సముద్రం వైపు 1,312 కిలోమీటర్లు పారుతుంది. విష్ణు పురాణం మాత్రం నర్మదను పురుకుత్సుడి భార్యగా చెబుతుంది. ఈ రెండు కథల్ని అతికించే ప్రయత్నం అక్కర్లేదు. జనం నమ్మేది మొదటిదాన్నే. దాంపత్యం వద్దనుకున్న నదిని చూడడానికి దంపతులు జంటగా వస్తున్నారు, ఆమె వాళ్లను ఆశీర్వదిస్తుందని నమ్ముతున్నారు. వివాహం గొప్పదే గాని తప్పనిసరి కాదని ఆ నమ్మకంలోనే ఇమిడి ఉంది.

జలపాతానికి పేరిచ్చిన కపిలుడి కథ దగ్గరే ఈ విషయం లోతు తెలుస్తుంది. ఆయన ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. తిరుపతిలో కొండ మీంచి పడే కపిలతీర్థమూ ఆయన పేరిటే ఉంది. భాగవతం మూడో స్కంధం ప్రకారం ఆయన తల్లిదండ్రులు కర్దముడు, దేవహూతి. కర్దముడు తపోబలంతో విమానం సృష్టించి, భార్యను ఎక్కించుకుని, మేరువు లోయలూ దేవతల తోటలూ తిప్పి, భూగోళమంతా చూపించి ఆశ్రమానికి తీసుకొచ్చాడు. విహారయాత్రకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన పురాణాల్లో అరుదు. ఆ యాత్రను భాగవతం ఎక్కడా తప్పు పట్టలేదు. అది ముగిశాక, భర్త సన్యాసానికి సిద్ధమైనప్పుడు, ఇంద్రియ సుఖాల్లో కాలం గడిచిపోయిందని దేవహూతే అంటుంది. చూపించింది ఆయన. చూసినదాన్ని తూచింది ఆమె. ధర్మసూత్రాల్లో భార్యకు ఫలంలో వాటా ఉంది గాని, ఆమె తన కళ్లతో ఏం చూసిందని అడిగినవాళ్లు లేరు. ఆ లోటు భాగవతంలో తీరింది. కొడుకు కపిలుడు సాంఖ్యం బోధించింది ఆ తల్లికే.

సాంఖ్యంలో చూసేవాడు పురుషుడు, కనిపించేది ప్రకృతి. కనిపించే లోకం ఉన్నది అనుభవం కోసమూ విడుదల కోసమూ కూడా అని సాంఖ్యానికి తోబుట్టువైన యోగసూత్రాల్లో పతంజలి అంటాడు. విహారానికో వస్తువు, ముక్తికో వస్తువు అని రెండు లేవు. కపిలధార సరదా చూపుకు అనుభవాన్ని, విచారించే చూపుకు వైరాగ్యాన్ని ఇస్తుంది. అయితే ఇక్కడే సాంఖ్యం ఆపస్తంబుడి దారి వదిలేస్తుంది. పురుషులు అనేకులు, ప్రకృతి అందరికీ ఉమ్మడి. ఒకరికి ప్రకృతి పని తీరిపోయినా పక్కనున్నవారికి అలాగే నడుస్తూ ఉంటుంది. జలపాతం ఇద్దరి ముందూ ఒకటే, దాన్ని చూసి బంధం తెంచుకోవడం మాత్రం ఎవరికి వారు చేసుకోవలసిన పని. కర్దముడు అడవికి వెళ్లి తన దారిన సిద్ధి పొందాడు. దేవహూతి ఆశ్రమంలోనే ఉండి, కొడుకు చెప్పింది సాధన చేసి, తన దారిన పొందింది.

కాబట్టి అమరకంటక్ వెళ్లి వచ్చిన దంపతులకు పుణ్యం ఉమ్మడి ఆస్తి, మోక్షం కాదు. పెళ్లిలో వరుడు చేసే పాత ప్రమాణం కూడా ధర్మం, అర్థం, కామం అనే మూడింటితోనే ఆగుతుంది, ఆ మూడింట్లో భార్యను అతిక్రమించనని. ఈ రోజుల్లో చాలా పెళ్లిళ్లలో మోక్షాన్ని కూడా చేర్చి నాలుగు పలికిస్తున్నారు. జీవితాంతం కలిసి నడిచినవాళ్లు అక్కడ మాత్రం విడిపోవడమేమిటన్న ప్రేమతో చేర్చిన మాట అది. భక్తి మార్గంలో దానికి చోటుంది, దంపతులు కలిసి పరమపదం చేరిన కథలు ఆ మార్గంలో ఉన్నాయి. కపిలుడి శాస్త్రంలో దానికి చోటు లేదు.