మేడ కొనువారు ఏమి చూడవలెను?

విశాఖపట్టణమునకు పోయి ఉద్యోగము చేసికొనుచున్న కుమారుడో కుమార్తెయో మీకుండవచ్చును. "నాన్నా, సముద్రం కనిపించే ఫ్లాటు ఒకటి చూశాము, పద్దెనిమిదో అంతస్తు. మన మెట్ట అమ్మితే కొంత సర్దుబాటు అవుతుంది" అని వారు అడిగినయెడల మీరేమి చెప్పుదురు? తొందరపడి సరేననుటకును, కోపపడి కాదనుటకును ముందు, ఆ యింటిలో వారు వెదకుచున్నదేమో నిదానముగా ఆలోచింతము.

బీచి రోడ్డు పొడవునను, ఋషికొండ, ఎండాడ, మధురవాడల వైపునను ఎత్తయిన భవనములు లేచినవి. వాటిలో ఇల్లు కొనువారు ముందుగా అడుగునది సముద్రము కనబడునా అని. తరువాత తూర్పు వాకిలి, గాలి, వెలుతురు, రెండు కార్లకు చోటు, కరెంటు పోయినను పనిచేయు జనరేటరు, ఈతకొలను, గేటునొద్ద రాత్రింబగళ్లు కావలి. ఒక అంతస్తులో ఇండ్లెంత తక్కువగా నుండిన అంత మేలని యెంచువారును కలరు. ఇవన్నియు డంబములని కొట్టివేయరాదు. ఆ పట్టణమునకు 1933లో తెరువబడిన ఓడరేవు అన్నము పెట్టినది. కాని బొగ్గు ధూళియు ఇనుపరాతి ధూళియు ఇండ్లలో పడుచున్నవని పాతపట్టణమువారు బహుకాలము మొరపెట్టుకొనిరి. బిడ్డకు మంచి గాలి కావలెనని కోరు తల్లిని ఎవరు తప్పుపట్టగలరు?

అయితే కంటికి కనబడువాటితోనే మన పరీక్ష ముగియరాదు. పాలరాతి నేల కనబడును. కాంక్రీటులోని ఉక్కు కడ్డీ కనబడదు. సముద్రపు ఉప్పు ఆ కడ్డీని చేరినయెడల అది త్రుప్పుపట్టి ఉబ్బును. ఉబ్బి, చుట్టునున్న కాంక్రీటును పగులగొట్టును. ఏ గాలికొరకు ఎక్కువ సొమ్మిచ్చితిమో ఆ గాలియే గోడను తినును. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టము కొనువారికి కొంత రక్షణ కలుగజేసినది. ఇంటిలోపల నిజముగా వాడుకొను చోటు, అనగా కార్పెట్ ఏరియా, ఎంతయో కట్టించువాడు స్పష్టముగా తెలుపవలెను. కొనువారిచ్చిన సొమ్ములో నూటికి 70 వంతులు ఆ భూమికిని ఆ కట్టడమునకును మాత్రమే వాడుటకై వేరు ఖాతాలో నుంచవలెను. ఇల్లు అప్పగించిన 5 సంవత్సరములలోగా కట్టడపు లోపము బయలుపడినయెడల తన ఖర్చుతోనే బాగుచేయవలెను. ఈ సంగతులు విచారించితిరా అని మీ పిల్లలను అడుగుడి.

ఇంకొక సంగతి కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు అద్దములు పగిలినవి, స్తంభములు కూలినవి, దినములకొలది కరెంటు లేకపోయెను. కరెంటు లేనిదే మోటారు నీటిని పైకి తోడదు, లిఫ్టు కదలదు. జనరేటరు ఉన్నను దానికి నూనె దొరకవలెను గదా! అట్టి దినమున పదునెనిమిదవ అంతస్తులోని ముసలితల్లికి బిందెడు నీళ్లు ఎవరు తెచ్చియిత్తురు? పొరుగువారు తక్కువగా నుండుటయే సుఖమని అంతకుముందు సొమ్ము పోసి కొన్నవాడు, ఆ దినమున పొరుగువాని తలుపే తట్టవలెను.

ఫ్లాటు దస్తావేజులో అవిభక్త భూభాగమను మాట వ్రాయబడును. అనగా క్రిందనున్న భూమిలో ప్రతివానికిని వంతు కలదు గాని, ఇది నాది అని ఎవడును గట్టు వేసికొనలేడు. ఎంత ఎత్తున కాపురమున్నను నేల అందరిది. ఒకని పైకప్పు మరియొకని నేల. పైనున్నవాని గొట్టము కారినయెడల క్రిందివాని గోడ తడియును. వేరుగా నుండవలెనని అంత ఎత్తునకు పోయినవారు మన పల్లెవారికంటె ఎక్కువగా ఒకరిమీద ఒకరు ఆనుకొని యున్నారు.

అంతేకాదు. ఈ పట్టణమునకు ఉక్కు నగరమను పేరు ఊరక రాలేదు. ఉక్కు కర్మాగారముకొరకు 1966లో జరిగిన ఉద్యమములో ప్రాణములు పోయినవి. 1971లో శంకుస్థాపన జరిగినది. దానికొరకు అనేక గ్రామములవారు తమ పొలములను, తాము పుట్టిన ఇండ్లను విడిచిరి. ఇల్లు విడిచినవారి త్యాగముమీద వృద్ధిపొందిన పట్టణములో ఇల్లు కొనువాడు, గేటునొద్ద నిలుచు కావలివానికి కూర్చుండుటకు నీడయున్నదా, అంట్లు తోమునామె లిఫ్టు ఎక్కుటకు సెలవున్నదా అని అడుగకుండుట న్యాయమా? ఈ రెండు ప్రశ్నలు అమ్మకపు కాగితములలో నుండవు. అయినను ఆ భవనములో ఎట్టి మనుష్యులు కాపురముందురో వీటివలననే తెలియును.

మంచి యిల్లు కోరుట దోషము కాదు. మెట్ట అమ్మవలెనా వద్దా అనునది మీ కుటుంబమువారు కూర్చుండి నిర్ణయించుకొనవలసినది. అయితే ఒక్క మాట చెప్పుడి: "అక్కడినుంచి సముద్రం ఎంతవరకు కనిపిస్తుందో చూశారు, బాగుంది. ఎదుటి తలుపు తట్టి, ఆ యింట్లో ఎవరున్నారో కూడా చూసి రండి." వారు చూచి వచ్చిన పిమ్మట బేరము మాటలాడవచ్చును.