చిలుము పట్టిన చోటు



ఈ నెల యెహోషువ గ్రంథము 7వ అధ్యాయమును దగ్గర పెట్టుకొని దీనిని చదువుడి.

నేను సంఘములను దర్శించుటకు వాడు పాత కారొకటి కలదు. గడచిన వానకాలములో దాని ముందు పలకమీద హెచ్చరిక దీపములు ఒకదాని వెంట ఒకటి వెలుగసాగెను. మొదట బ్యాటరీ గుర్తు, పిమ్మట బ్రేకు గుర్తు, ఆ తరువాత ఇంజను గుర్తు. మిర్యాలగూడలో బ్యాటరీ మార్పించితిని. సూర్యాపేటలో బ్రేకు సెన్సరు మార్పించితిని. డబ్బు పోయెను గాని దీపములు ఆరలేదు. చివరకు విసిగి వాటిమీద నల్లని టేపు అంటించితిని.

పది దినములు కాకముందే, నొప్పులు పడుచున్న ఒక సహోదరిని రాత్రివేళ సూర్యాపేట ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చెను. కారు స్టార్టు కాలేదు. దారిన పోవు ధాన్యపు లారీవారు ఆమెను ఎక్కించుకొనిరి. దేవుని కృపచేత తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు. నేను మాత్రము ఆ చీకటిలో టేపును తడుముచు కూర్చుంటిని.

మరునాడు కారును కోదాడకు లాగించితిని. అక్కడి ఎలక్ట్రీషియను, వయసు మళ్లినవాడు, టేపు ఊడదీసి నవ్వెను. "అయ్యగారూ, ఇన్ని దీపాలు ఒక్కసారి వెలిగినయంటే రోగం ఒక్క చోటనే ఉంటది" అనెను. మీటరు పెట్టగా బ్యాటరీ 12.6 వోల్టులు చూపెను, అది మంచిదే. తరువాత హెడ్‌లైట్లు వేయించి, బ్యాటరీ నెగెటివు మొనకును కారు బాడీకిని మధ్య కొలిచెను. అక్కడ దాదాపు సున్న రావలెను; ఒక వోల్టు దాటెను. కరెంటు తిరిగి వచ్చు దారి చెడినయెడల ప్రతి భాగమునకును చాలీచాలని వోల్టేజి అందును, ప్రతిదియు తనకే జబ్బని మొరపెట్టును. అతడు ఎర్తు తీగ బోల్టు విప్పగా దాని క్రింద పచ్చని చిలుము! గరుకు కాగితముతో రుద్ది బిగించెను. దీపములారెను. ఒక్కటి మాత్రము కారు జ్ఞాపకములో నిలిచియుండగా దానిని యంత్రము పెట్టి తుడిచెను.

యెరికో గోడలు కూల్చినవారు హాయి అను చిన్న ఊరి యెదుట పారిపోయిరి. 36 మంది చచ్చిరి. యెహోషువ సాయంకాలమువరకు నేలమీద పడియుండెను. దేవుడు అతని లేపి వెదకించెను. మొదట గోత్రము, పిమ్మట వంశము, పిమ్మట కుటుంబము, కడకు ఒక్క మనుష్యుడు. ఓటమి హాయిలో కనబడెను గాని, దాని కారణము ఆకాను డేరాలో నేల క్రిందనుండెను. (ఆకాను పొందిన శిక్షను గూర్చి మరియొక నెల వ్రాసెదను, అది వేరు పాఠము.)

నా సంగతి చెప్పెదను. రెండేండ్లుగా ఆదివారపు ఆరాధనకు మంది తగ్గిరి, స్త్రీల కూటములో సణుగుడు పుట్టెను, నా ప్రార్థనయు ఎండిపోయెను. ఉజ్జీవ కూటములు పెట్టించితిని, కొత్త మైకు కొనిపించితిని. లెక్కల విషయమై ఒక సంఘపెద్దతో నాకు మాటలు లేవని మీలో అనేకులెరుగుదురు. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్నయే. నేనిచ్చిన జవాబు గర్వముతో ఇచ్చినది.

కోదాడనుండి తిరిగి వచ్చిన సాయంకాలమే ఆయన యింటికి వెళ్లితిని. కాలువ నీళ్లు వదలిరని ఆయన పొలమునకు పోయియుండిరి. అమ్మగారు పీట వేసి, కూర్చుండుమనిరి. చీకటి పడువరకు ఆ అరుగుమీదనే యుంటిని.