అలన్ స్కాట్ కొడుకు ఏమయ్యాడు?

2012లో డీసీ కామిక్స్ తన పాఠకుల్ని కొన్నాళ్ళు బాగానే ఊరించింది. తమ పాత హీరోల్లో ఒకరు ఇకమీదట గేగా కనిపించబోతున్నారని ముందే చెప్పి, ఎవరన్నది మాత్రం దాచిపెట్టింది. జూన్ వచ్చేసరికి పేరు బయటపడింది: గ్రీన్ లాంటర్న్. ఆ మాట వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 2011 సినిమాలో ర్యాన్ రేనాల్డ్స్ వేసిన హాల్ జోర్డన్, లేదంటే చిన్నప్పుడు టీవీలో చూసిన ‘జస్టిస్ లీగ్’ కార్టూన్లోని జాన్ స్టూవర్ట్. గే అయింది వీళ్ళిద్దరూ కాదు. 1940లో పుట్టిన మొట్టమొదటి గ్రీన్ లాంటర్న్, అలన్ స్కాట్. అదీ ‘ఎర్త్ 2’ అనే పుస్తకంలో, అంటే మిగతా హీరోలున్న భూమి మీద కాకుండా పక్క భూమి మీద. హెడ్‌లైన్‌కి పెద్ద పేరు దొరికింది, కంపెనీకి పెద్ద రిస్కూ లేదు.

ఇలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది: అసలు పాత్ర అలా లేదు కదా, మార్చే హక్కు వీళ్ళకెక్కడిది? ఈ మాట నన్నెప్పుడూ పెద్దగా కదిలించలేదు. వ్యాసభారతంలో లేని శశిరేఖ కోసం మనం ‘మాయాబజార్’ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. పైగా అమెరికన్ కామిక్స్‌లో ‘అసలు’ అనేదే ఒక చిక్కు ప్రశ్న. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే సైకియాట్రిస్టు, బాట్‌మ్యాన్, రాబిన్‌ల ఇల్లు స్వలింగ ప్రేమికుల కలల ఇల్లులా ఉందని పుస్తకం రాశాడు. అదే ఏడు ప్రచురణకర్తలు తమకు తామే కామిక్స్ కోడ్ పెట్టుకున్నారు. అది స్వలింగ ప్రేమని ‘వికృతి’ కింద జమకట్టి, దాని సూచన కూడా ఉండకూడదంది. ఆ నిబంధన 1989 దాకా సడలలేదు. అన్ని దశాబ్దాలు నోరు నొక్కిపెట్టి, ఇప్పుడొచ్చి ‘చూశారా, ఒక్కరూ గే లేరు’ అంటే ఎలా?

రెండో అభ్యంతరం కాస్త బరువైనది. పాతవాళ్ళని మార్చడమెందుకు, కొత్తవాళ్ళని సృష్టించుకోవచ్చు కదా? సృష్టించారు. 1979లో జాన్ బర్న్ నార్త్‌స్టార్‌ని తెచ్చాడు. మొదటినుంచీ ఆ పాత్రని గేగానే ఊహించుకున్నానని తర్వాత చెప్పాడు కూడా. కానీ ఆ మాట నార్త్‌స్టార్ తన నోటితో అనడానికి 1992 దాకా పట్టింది. అప్పటికి బర్న్ ఆ పుస్తకం వదిలి చాలా ఏళ్ళయింది. నార్త్‌స్టార్ పెళ్ళి కూడా సరిగ్గా 2012 జూన్‌లోనే జరిగింది, మార్వెల్ వాళ్ళ పుస్తకంలో. మంచి పాత్రే. కానీ ఏ ఊళ్ళోనూ పిల్లలు నార్త్‌స్టార్ బొమ్మ చొక్కా వేసుకుని తిరగరు. సూపర్‌హీరోల లోకంలో పరపతి అంతా పాత పేర్లదే. వాటిలో వాటా అడగడం అత్యాశ అని నేననుకోను.

కాబట్టి మార్చొచ్చా అన్నదాని దగ్గర నాకు పేచీ లేదు. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ప్రశ్న: మార్చేటప్పుడు పాత జీవితాన్ని ఏం చేస్తున్నారు?

అలన్ స్కాట్‌కి పాత కథలో ఒక భార్య, మాలీ. అంతకుముందు వేరే స్త్రీ వల్ల పుట్టిన కవల పిల్లలు, జెన్నీ, టాడ్. ఈ టాడ్ ‘అబ్సిడియన్’ అనే హీరో, గే. తండ్రి కంటే ముందే, 2000ల నాటికే, పుస్తకాల్లో ఆ విషయం బయటపడింది. ఆ తర్వాత 2011లో డీసీ తన చరిత్రని చెరిపేసి ‘న్యూ 52’ పేరుతో మళ్ళీ మొదలుపెట్టింది. రీబూట్ అంటే అదే, పలక తుడవడం. కొత్త అలన్ కుర్రవాడు, మీడియా కంపెనీ యజమాని. కుర్రవాడికి ఎదిగిన పిల్లలుండరు గనక జెన్నీ లేదు, టాడ్ లేడు. రచయిత జేమ్స్ రాబిన్సన్ ఈ లెక్క దాచలేదు. టాడ్ పోయాడు కాబట్టి ఆ లోటు పూడ్చడానికే అలన్‌ని గే చేశానన్నాడు. మంచి ఉద్దేశమే. కానీ ఆ ఇంట్లో ఒక్క గేకి మించి చోటు లేనట్టూ, కొడుకు లేచి వెళ్తేగానీ తండ్రి కూర్చోలేనట్టూ అయింది.

అలన్ ప్రేమికుడు శామ్ గతీ అంతే. ‘ఎర్త్ 2’ రెండో సంచికలో చైనాలో రైలు ప్రయాణం, ముద్దు, పెళ్ళి ప్రస్తావన, వెంటనే ప్రమాదం, శామ్ మరణం. ఆ పెళ్ళి ఉంగరమే అలన్‌కి శక్తినిచ్చే ఉంగరమవుతుంది. గతం తుడిచేశారు, భవిష్యత్తు రైలు కింద పోయింది. ఇక మిగిలింది ‘గే’ అనే మాట ఒక్కటే.

మార్వెల్ 2015లో ఇదే పని ఇంకో రకంగా చేసింది. 1963 నాటి ఐస్‌మ్యాన్, బాబీ డ్రేక్. అప్పటి కథలో కాలయానం పుణ్యమా అని ఇద్దరు బాబీలున్నారు, ఒకడు టీనేజి కుర్రాడు, ఇంకొకడు పెద్దవాడైన అతనే. కుర్రాడి మనసు చదివిన జీన్ గ్రే, నువ్వు గే కదా అని వాడికే చెప్పేస్తుంది. అడక్కుండా మనసులో దూరడం ఏం మర్యాద అని చాలామంది పాఠకులు మండిపడ్డారు, న్యాయంగానే. నన్ను పట్టుకున్నది మాత్రం కొన్ని నెలల తర్వాత ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 600వ సంచికలో పెద్ద బాబీ ఇచ్చే సంజాయిషీ. మ్యూటెంట్‌గా బతకడానికే ఉన్న ఓపికంతా అయిపోయింది, ఇంకో యుద్ధం మోయలేక దీన్ని పక్కన పెట్టేశానన్నది దాని సారాంశం. కుర్ర బాబీకి పలక ఖాళీ. పెద్ద బాబీ మాత్రం ఇన్నేళ్ళ గర్ల్‌ఫ్రెండ్స్‌కీ, అబద్ధాలకీ జవాబు చెప్పుకోవాలి. నిజం మనుషులు ఆ రెండోవాడికే దగ్గర.

ఎందుకంటే మన జీవితాలకి రీబూట్ లేదు. నలభై ఏళ్ళొచ్చాక నిజం ఒప్పుకున్న మనిషికి భార్య ఉంటుంది, పిల్లలుంటారు, అత్తగారింటి ఫొటో ఆల్బమ్ ఉంటుంది. మన దేశంలో 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో చట్టం ఒక్కరోజులో మారింది. అప్పటికే పెద్దవాళ్ళ బలవంతం మీద జరిగిపోయిన పెళ్ళిళ్ళు ఆ రోజుతో ఎక్కడికీ పోలేదు. ఆ మనిషికీ, ఆ భార్యకీ కావలసింది చెరిపేసిన కథ కాదు.

డీసీ ఆ దారికి 2021లో వచ్చింది. పాత చరిత్రని తిరిగి తెచ్చుకున్న కథల్లో, పాత అలనే, ముసలి అలనే, తన ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి తాను గే అని చెప్పాడు. టాడ్ అక్కడే ఉన్నాడు, కొడుకు ముందు నడిచిన దారిలో తండ్రి ఆలస్యంగా వచ్చి చేరాడు. అదే ఏడాది ‘డీసీ ప్రైడ్’ సంచికలో అలన్ టాడ్‌కి జిమ్మీ గురించి చెబుతాడు. 1940 నాటి తొలి కథలోనూ అలన్‌కి శక్తి వచ్చింది రైలు ప్రమాదంలోనే. అందులో పక్కనే ఉండి చనిపోయిన స్నేహితుడే జిమ్మీ. ఎనభై ఏళ్ళ నాటి ఆ కథలో దేన్నీ చెరపలేదు. అతను నా ప్రేమ అని అలన్ అన్నాడు, అంతే. పాత బొమ్మలన్నీ వేరేగా కనిపించడం మొదలైంది. కామిక్స్ పాఠకులు దీన్ని రెట్‌కాన్ అంటారు, చరిత్రని ఉంచి అర్థాన్ని మార్చడం. 2023లో టిమ్ షెరిడన్ రాసిన సిరీస్ ఇంకాస్త లోపలికి వెళ్ళింది. స్వలింగ సంబంధం ప్రతి రాష్ట్రంలోనూ నేరమైన నాటి అమెరికాలో, అలన్ రహస్యాన్ని పట్టుకుని ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ అతన్ని లొంగదీసుకుంటాడు. అన్నాళ్ళు ఎందుకు దాచాడన్నదానికి అక్కడ జవాబు దొరుకుతుంది.

ఈ పద్ధతికీ ఒక ఖరీదుంది. ఇప్పుడు మాలీ ఎవరు? అలన్ అబద్ధమా, ఆసరానా, ఇంకో రకం ప్రేమా? పలక తుడిచిన కథలో ఆమె లేదు కాబట్టి ఆమెకి గాయం కూడా లేదు. చరిత్రని ఉంచిన కథలో ఆ ప్రశ్న మన ముందే కూర్చుంటుంది. మాలీకి ఇంతవరకూ చాలినంత చోటు దక్కలేదని నాకనిపిస్తుంది. నేను చదవాలనుకునే తర్వాతి పుస్తకం ఆవిడదే. భర్త పిల్లలకి నిజం చెప్పిన ఆ సాయంత్రం ఆవిడకి ఎలా గడిచిందో ఎవరైనా రాయాలి.