చింపని టిక్కెట్టు

ఆటల టిక్కెట్లకు మార్కులు వేయువారు నేడు లోకములో ఉన్నారు. అమెరికాలోని పి.ఎస్.ఏ. అను సంస్థవారు టిక్కెట్టు అసలుదో నకిలీదో తేల్చి, మూలలు అరిగెనా, మడత పడెనా, మరక అంటెనా అని పరికించి, 1 మొదలు 10 వరకు అంకె వేసి, ప్లాస్టిక్కు పెట్టెలో మూసి యిత్తురు. మోసగాండ్రున్న బజారులో ఇది అవసరమైన పనియే. మేము తప్పు పట్టము.

1984 అక్టోబరు 26న షికాగోలో మైకేల్ జోర్డాన్ తన తొలి ఎన్.బి.ఏ. బాస్కెట్‌బాల్ ఆట ఆడెను. ఆనాటి చింపిన టిక్కెట్టు ముక్కయొకటి 2021లో 2,64,000 డాలర్లు పలుకగా, చింపని టిక్కెట్టు 2022లో 4,68,000 డాలర్లు పలికెను. అది చినుగకుండుటకు కారణమేమి? రెండు టిక్కెట్లున్న విద్యార్థికి తోడు వచ్చువాడు దొరకలేదు. రెండవది ద్వారము దాటక మిగిలెను!

మన విజయవాడలో 2002 నవంబరు 24న ఇందిరాగాంధీ స్టేడియములో భారత జట్టు వెస్టిండీసు చేతిలో 135 పరుగుల తేడాతో ఓడెను. ఆనాటి టిక్కెట్టు ఎవరి పెట్టెలోనైన నున్నయెడల, చినిగి, చెమటకు మెత్తబడి యుండును. మార్కులు తక్కువే. అయినను అది లోపలికి వెళ్లినవాని టిక్కెట్టు.

లూకా 14వ అధ్యాయములో గొప్ప విందుకు పిలువబడినవారిలో ఒకడు పొలమును, ఒకడు ఎడ్లను కొనెను. ఒకడు పెండ్లి చేసికొనెను. వారి పిలుపునకు మడత పడలేదు, మరక అంటలేదు. పదికి పది మార్కులు వేయవచ్చును! ప్రియులారా, మన యింటి బైబిలు అంచులు నలిగెనా లేదా చూచుకొందము. ఆ విందుకు వీధులలోని బీదలు, కుంటివారు, గ్రుడ్డివారు వచ్చిరి. వారందరు వచ్చినను ఇంకను చోటు మిగిలెనని దాసుడు యజమానునికి తెలిపెను.